పందెపు ధనము ప్రసాదమగునా?





గడచిన కార్తికమాసమున ఒక సోమవారమునాడు మన కోటబొమ్మాళిలో లింగపూజ ముగిసి, భక్తులు ప్రసాదము స్వీకరించి ఇండ్లకు మరలుచుండగా ఒక తల్లి వెనుక నిలిచిపోయినది. కొంగున ముడివేసి తెచ్చిన కొంత పైకము నా ముందుంచి, "అయ్యవారూ, దాసోహమునకు మా అబ్బాయి పంపినాడు. క్రికెట్టు పందెములో గెలిచిన డబ్బట. పుచ్చుకొనవచ్చునా?" అని అడిగినది. ఆమె కంఠమున సంతోషము లేదు. అడుగగా అడుగగా తెలిసినదేమనగా, ఆ కుమారుడు చెల్లెలి పెండ్లికై దాచిన సొమ్మంతయు సెల్‌ఫోనులోని పందెములలో అదివరకే పోగొట్టినాడు. పోయినది పుట్లు, వచ్చినది గింజలు. ఆ గింజలలో కొన్ని దేవునికర్పించినచో పోయినదంతయు తిరిగివచ్చునని అతని ఆశ.

ఆ తల్లికి నేనానాడు వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. ఈ ప్రసంగము ఆమెకు నేను బాకీపడిన సమాధానము.

తరువాత ఆ యువకుని కలిసితిని. అతడు చదువుకొన్నవాడు. "అయ్యవారూ, ఎన్నో దేశములలో ఆటలపై పందెము చట్టసమ్మతమే గదా! ప్రభుత్వము పన్ను పుచ్చుకొని అనుమతించినది పాపమెట్లగును?" అని నన్నడిగినాడు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కావున ముందుగా చట్టము సంగతి ఉన్నదున్నట్లు విచారింతము.

ఇంగ్లండు దేశమున 1960లో చేసిన చట్టముననుసరించి 1961 నుండి పందెపు దుకాణములు వీధులలో బాహాటముగా వెలసినవి. అమెరికాలో 2018 మే నెలలో అచటి సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆటలపై పందెములను అనుమతించుటకు రాష్ట్రములకు దారి ఏర్పడినది. మన దేశమున పందెము, జూదము అనునవి రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని రాష్ట్రజాబితాలో చేరియున్నవి. మన రాష్ట్రమునకు 1974 నాటి గేమింగు చట్టము గలదు. ఫోనులలోని పందెములను కూడ నిషేధించుటకై 2020లో దానిని సవరించిరి. అయినను గుర్రపు పందెములది వేరు దారి. అందు నైపుణ్యము ప్రధానమని సుప్రీముకోర్టు 1996లో తీర్పు చెప్పినది. పేకాటలోని రమ్మీని గురించి అట్టి మాటనే 1968లో, మన ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన వ్యాజ్యెములోనే, చెప్పియుండెను.

పందెములను అనుమతించవలెనన్న వారందరును దురాశాపరులు కారు. క్రికెట్టు సంస్కరణకై నియమింపబడిన జస్టిస్ లోధా సంఘము 2016లో క్రికెట్టు పందెములను చట్టబద్ధము చేయవచ్చునని సూచించినది. 2018 జూలైలో భారత న్యాయకమిషను తన 276వ నివేదికలో, పూర్తిగా నిషేధించుట సాధ్యము కానిచో గట్టి కట్టుబాట్లతో నియంత్రించుటయే మార్గమని తెలిపినది. ఆధారు, పాను సంఖ్యలు జతచేయవలెననియు, నగదు చేతులు మారరాదనియు, పందెములకు పరిమితి యుండవలెననియు అందు చెప్పిరి. నిషేధించినది చీకటిలోనికి పోవును, చీకటిలో దొంగలు పెరుగుదురు, వెలుగులోనికి తెచ్చినచో అదుపుచేయవచ్చును అనునది వారి వాదము. ఇందు సత్యమున్నది.

కాని దేశము తుదకు వేరు దారి త్రొక్కినది. 2023 అక్టోబరు 1 నుండి ఆన్‌లైను పందెపు ఆటలపై, ఆటగాడు చెల్లించు పూర్తి మొత్తముమీద, 28 శాతము జీఎస్టీ విధించిరి. రెండేండ్లు తిరుగకమునుపే, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైను గేమింగు చట్టమును ఆమోదించినది. ఆ నెల 22న రాష్ట్రపతి సమ్మతి లభించినది. డబ్బొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నడపువారికి మూడేండ్లవరకు కారాగారము, కోటి రూపాయలవరకు జరిమానా. ప్రకటనలిచ్చువారికి రెండేండ్లవరకు కారాగారము, 50 లక్షలవరకు జరిమానా విధింపవచ్చును. నైపుణ్యమా, అదృష్టమా అను భేదమును ఈ చట్టము పాటింపలేదు. ఇంకొక విశేషమును గమనింపుడు. ఈ చట్టము ఆడినవానిని దండింపదు. అతనిని చిక్కుబడినవానిగా చూచుచున్నది. ఈ సంగతికి మరల వత్తును.

ఆ యువకునితో నేనంటిని: "నాయనా, చట్టము నేడు నీ పక్షమున లేదు. కాని రేపు మారవచ్చును. చట్టము మారినప్పుడెల్ల పాపపుణ్యములు మారునా?" బసవేశ్వరుడు స్వయముగా రాజోద్యోగి. కల్యాణమున బిజ్జలుని భాండారమును చూచినవాడు. పన్నులు, లెక్కలు ఆయనకు తెలియనివి కావు. భాండారపు సొమ్మును జంగమార్చనకు వ్యయపరచుచున్నాడని కొండెములు చెప్పగా, రాజు లెక్క చూపించిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమువలన మనకు పరిచితమే. ఒక్క మాడయు తక్కువ కాలేదు. అట్టి భాండారి మనకు నేర్పిన కొలత రెండు ప్రశ్నలలో ఇమిడియున్నది. ఈ ధనము ఏ కాయకమునుండి వచ్చినది? ఏ దాసోహమునకు పోవుచున్నది? రాజు అనుమతించెనా అనునది రాజ్యమడుగు ప్రశ్న. శరణుడు అడుగవలసినవి ఈ రెండు.

ఐదక్కి మారయ్య కథను స్మరింపుడు. బసవన్న వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరుకొని జంగములకు అన్నము పెట్టుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయే గదా యని భర్తను మందలించి, ఆ ఎక్కువ గింజలను తెచ్చినచోటనే పోసి రమ్మనెను. దొంగిలించిన బియ్యము కాదది, నేల రాలిన బియ్యము. అయినను దానికే లక్కమ్మ వెనుదీసినది. మరి ఎదుటివాడు ఓడినందువలననే మనకు వచ్చిన ధనమును ఏమందము?

రైతు వరి పండించినచో కొన్నవాడును బ్రతుకును, అమ్మినవాడును బ్రతుకును. నేతగాడు వస్త్రము నేసినచో లోకమున ఒక వస్త్రము పెరుగును. పందెమువలన ఒక గింజ పుట్టదు, ఒక పోగు పెరుగదు. ఇద్దరు చెరి నూరు రూపాయలు ఒడ్డిరనుకొనుడు. గెలిచినవానికి 190 ఇచ్చి, నడుపువాడు పది రూపాయలు ఉంచుకొనును. ఇట్లు ఇరువది ఆటలు జరుగునప్పటికి నడుపువానికి 200 చేరును. ఈ ఇద్దరు మొదటి ఆటకు ఒడ్డిన సొమ్మంత అది. ఎవడు గెలిచినాడన్న వివాదము ఆ ఇద్దరికి, ధనము మూడవవానికి. ఇది అదృష్టము కాదు, లెక్క.

ఇచట కొందరు పెద్దలు అడుగవచ్చును: "పురాతనులలో మూర్ఖనాయనారు జూదమాడియే గదా భక్తులకు అన్నము పెట్టినాడు?" నిజమే. అరువదిముగ్గురిలో ఆయన యొకడు. ఉన్నదంతయు భక్తులకు వెచ్చించి, ఏమియు మిగులక, జూదమునకు దిగినాడు. గెలిచినదంతయు భక్తుల అన్నమునకే వినియోగించి, అందరి తరువాతనే తాను భుజించినాడు. కాని ఆయనకు ఆ పేరెట్లు వచ్చినదో మరువరాదు. ఆటలో మోసగించినవారిపై కత్తి దూయువాడగుటచేతనే మూర్ఖుడన్న పేరు వచ్చినది. అంతటి భక్తుని చేతికి సైతము జూదము కత్తినే ఇచ్చినది. పురాణము కీర్తించినది ఆయన అన్నదానమును, జూదమును గాదు. తనకొరకు ఒక్క గింజయు దాచుకొననివాని కథను, చెల్లెలి పెండ్లిసొమ్ము ఒడ్డినవాడు చాటుగా చెప్పుకొనుట తగదు.

ఇంతవరకు యువకులకు చెప్పితిని. ఇక మనకు మనము చెప్పుకొనవలసినది గలదు. శివరాత్రి జాగరణమున నిద్రరాకుండుటకని పేకముక్కలు పరచినవారు పెద్దలము కామా? సంక్రాంతి కోడిపందెములను వేడుకయని చూచి వచ్చినవారము కామా? చతుర్ముఖ పారాయణము ఒక మూల, పేకాట మరియొక మూల జరుగుచుండగా నేనును చూచి ఊరకుంటిని. నాడు చాప మీద మనము చూపినదానినే నేడు బిడ్డడు అరచేతిలోని అద్దములో చూచుచున్నాడు. అతనిని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

రెండవది, అప్పుపడిన బిడ్డను గురించి. పందెముకన్న ప్రాణాంతకమైనది దానిని దాచుట. పరువు పోవునను భయమున చెప్పుకొనలేక, ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసి, తుదకు ప్రాణములే తీసికొన్న యువకుల వార్తలు మనమందరము చదువుచున్నాము. రాజ్యపు చట్టమే ఆడినవానిని దండింపక విడువగా, బసవని ఇల్లు అతనిని వెలివేయవచ్చునా? టెక్కలి చెంత రావివలసలో వెలసిన ఎండల మల్లికార్జునుని మీరెరుగుదురు. ఆ స్వామికి కప్పు లేదు, మరుగు లేదు. ఎండకు ఎండి, వానకు తడిసి అందరికి కనబడుచున్నాడు. ఆయనను కొలుచువారమైన మనము మన ఇంటి అప్పును చీకటిలో కప్పిపెట్టనేల? తండ్రి ఎదుట, గురువు ఎదుట బయటపెట్టినచో సగము భారము తీరును. మనసు మరీ క్రుంగినవారు ప్రభుత్వపు టెలి మానస్ సంఖ్య 14416కు ఫోను చేయవచ్చును. అందుకు సిగ్గుపడ పనిలేదు.

మఠములవారికి నా విన్నపము ఒకటే. ధనము ఎంతయని మాత్రమే గాక, ఎచటినుండియని కూడ అడుగుడు. జాతరలకు, ఆరాధనలకు విరాళము పట్టికలో పందెపు సొమ్ము చేరనీయకుడు. ఆ ఇంటివాడు చేయిచాచి వచ్చినపుడు మాత్రము తలుపు మూయకుడు.

ఆ తల్లి పైకమును నేను తిరిగి ఇచ్చివేసితిని. "అమ్మా, ఇది దాసోహమునకు వలదు, అప్పువానికి చెల్లింపుము. నీ కుమారునికి దాసోహము చేయు కోరిక యున్నచో వచ్చే సోమవారము తెల్లవారకమునుపే వంటశాలకు పంపుము" అంటిని. అతడు వచ్చినాడు. కూరలు తరిగినాడు, నీళ్లు మోసినాడు, పంక్తి ముగిసిన తరువాత విస్తళ్లు ఎత్తినాడు. అప్పు ఇంకను తీరలేదు. పెండ్లి వెనుకకు పోయినది. చెల్లెలు అతనితో ఇంకను సరిగా మాటలాడుట లేదని తల్లి చెప్పినది. కాని ఆ నాటి మధ్యాహ్నము అతడు అందరి వెనుక కూర్చుండి తిన్న అన్నము ప్రసాదము. అందు నాకు సందేహము లేదు.