ఎత్తని ఫోను

ముందు మెసేజ్ పెట్టకుండా నేరుగా ఫోన్ చేయడం మా వయసువాళ్ళలో కాస్త మర్యాద తక్కువ పని. ఫోను మోగిందంటే ఏదో అయిందనే. అమ్మది సరిగ్గా ఉల్టా లెక్క. మోగిన ఫోను ఎత్తకపోతేనే ఏదో అయినట్టు. మీటింగ్ నుంచి బయటికొచ్చేసరికి ఏడు మిస్డ్ కాల్స్ ఉంటాయి. తిరిగి చేస్తే, "ఏం లేదురా, తిన్నావో లేదో అని." దీన్ని మేం నిఘా అంటాం. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, అది నిఘా కాదని నా అనుమానం.

వాళ్ళ చెవులు వేరే కాలంలో తయారయ్యాయి. కుశలప్రశ్నలకు కార్డుముక్క చాలు. అంతకంటే తొందరగా కబురొచ్చిందంటే, డబ్బు పెట్టి మరీ చెప్పాల్సినంత విషయమన్నమాట. టెలిగ్రామ్‌కి మాటల లెక్కన డబ్బు. ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను కలిసేదాకా పడిగాపులు. ఎస్టీడీ బూత్‌లు వచ్చాక కూడా రేటు తగ్గే రాత్రివేళ కోసం క్యూలో నిలబడటం, మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు మీటరు మీదే. టెలిగ్రామ్ అనగానే, విప్పి చదవకముందే ఏడుపులు మొదలైన ఇళ్ళు ఎన్నో. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయింది. భయం ఆగలేదు.

ఆ టెలిగ్రామ్‌లలో ఇంకో సంగతుంది. మనిషి అప్పటికే పోయినా "సీరియస్, వెంటనే బయల్దేరు" అనే ఇచ్చేవాళ్ళు. రైల్లో ఒంటరిగా వచ్చేవాడు దారిలోనే కుప్పకూలకూడదని. దయతో ఆడిన అబద్ధం. అలాంటివి చూస్తూ పెరిగినవాళ్ళకు "బాగానే ఉన్నానమ్మా" అంటే నమ్మకం ఎట్లా కుదురుతుంది?

వాళ్ళూ మనతో అదే పని చేస్తారు. నాన్నకు స్టెంట్ వేసిన సంగతి నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. "కంగారుపడతావని చెప్పలేదు." ఆ పదకొండు రోజులూ మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఎండల గురించీ, మామిడికాయల ధర గురించీ. ఆ కోపం ఇంకా పోలేదు. పోవాలనీ లేదు. ఆ కంగారు నాది, నా వంతు నాకు రావాల్సింది.

అందుకే "వాళ్ళ స్థానంలో ఉండి చూడు" అనే సలహా నాకు సగమే పనికొచ్చింది. చూశాను, భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. తెలిస్తే లొంగాలా? మనిళ్ళల్లో "అర్థం చేసుకో" అంటే చాలాసార్లు "సర్దుకుపో" అనే. ఆ రెండూ ఒకటి కావు. పైగా ఆ మాట ఎప్పుడూ చిన్నవాళ్ళకే చెప్తారు.

అలాగని మనం వేరే రకం మనుషులమేం కాదు. ఉద్యోగం పోయిన నా స్నేహితుడొకడు నాలుగు నెలలు రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరేవాడు. సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చుని ఇంటికెళ్ళేవాడు. నాన్న తట్టుకోలేడని. వాళ్ళ నాన్న పద్దెనిమిదేళ్ళకే ఇంటి బరువు ఎత్తుకున్న మనిషి. ఏం తట్టుకోగలడో ఆయన్నెవరూ అడగలేదు.

ఈసారి ఏదైనా అయితే అదే రోజు చెప్పాలని నాన్నకు గట్టిగా చెప్పాను. "సరే. మరి నువ్వు చెప్తావా?" అన్నాడు. చెప్తానన్నాను. అన్నీనా అంటే, అది ఇంకా ఆలోచిస్తున్నాను.