చెవికి అందని ప్రవచనం

శబరి నది ఒడ్డున ఉన్న కొంటా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. అలాంటి దారి పక్క షెడ్డులో పుట్టుకతో వినికిడి లేని మెకానిక్ ఇంజిన్ రోగాన్ని చేత్తోనే పట్టాలి. టాపెట్ కవరు మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి దగ్గర వేళ్లతో అదురు చూస్తాడు. సంపాదన ఇంట్లో ఇస్తాడు, పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుంటాడు. ప్రవచనంలో ఒక్క ముక్కా అందని ఆయన భక్తి తక్కువదా?

భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో శ్రవణమే మొదటిది. విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని పౌలు రోమీయులకు రాశాడు.

అయినా అర్చనకు, వందనానికి, దాస్యానికి, ఆత్మనివేదనకు చెవితో పనిలేదు. యేసు ఒక చెవిటివాణ్ని జనంలోంచి పక్కకు తీసుకెళ్లి, ముందు చెవుల్లో వేళ్లు పెట్టాడని, ఆ తర్వాతే మాట పలికాడని మార్కు సువార్త 7వ అధ్యాయం చెబుతుంది. 2024లో కేరళలోని త్రిశూర్‌లో జోసెఫ్ తేర్మడం అనే బధిరుడు క్యాథలిక్ గురువుగా అభిషేకం పొందారు.

లోటంతా మన ఏర్పాట్లలోనే ఉంది. మీ గుడిలోనో చర్చిలోనో ఈసారి ప్రవచనం పెట్టించినప్పుడు, సంజ్ఞా భాష తెలిసిన ఒకరిని వేదిక మీద నిలబెట్టండి.