తెర మీది రైలు, నాటకశాలలోని దీపం

ఇంట్లో కదలకుండా కూర్చుని, టెలివిజన్ తెర మీద పరుగెత్తే రైలును చూసే మనిషిని సాక్షి అనవచ్చునా అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, నిశ్చలంగా ఉండటానికీ వైరాగ్యానికీ మధ్య ఉన్న సంబంధం ఎలాంటిదన్న పాత చర్చలోకి అది నేరుగా తీసుకుపోతుంది. సాక్షి అంటే, జరుగుతున్నదానిలో తాను పాలుపంచుకోకుండా, దానివల్ల ఏ మార్పూ పొందకుండా, దాన్ని కేవలం ప్రకాశింపజేసే చైతన్యమని అద్వైత వేదాంతం చెబుతుంది. ఈ ప్రశ్నను పరిశీలించడానికి తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతం తగిన చోటు. మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు 1856 జులై 1న మొదలైన దక్షిణ భారతపు తొలి రైలుమార్గం తిరువళ్ళూరు మీదుగానే సాగింది. అరక్కోణం దగ్గర దానినుంచి చీలి రేణిగుంట వైపు పోయే దారిలో తిరుత్తణి వస్తుంది. సరిహద్దు వివాదంపై వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఈ తిరుత్తణి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మురుగన్ పండుగైన ఆడికృత్తికకు పసుపు బట్టలు కట్టి, పూలకావడి భుజాన ఎత్తుకుని రైలు దిగే జనంలో తమిళం, తెలుగు రెండూ వినిపిస్తాయి.

రైలుకు సంబంధించిన కార్యక్రమాలు వెతుక్కునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, చానళ్ళు తమ పట్టికల్లో సినిమాలను నటీనటుల పేర్లతో ప్రకటిస్తాయి తప్ప వస్తువును బట్టి విభజించవు. కాబట్టి చూడదలచినవాడు పేర్లు ముందే తెలుసుకుని ఉండాలి. శ్యామ్ బెనెగల్ తీయగా 1986లో దూరదర్శన్‌లో వచ్చిన ‘యాత్ర’ ధారావాహికలో కథ చాలావరకు కన్యాకుమారి నుంచి జమ్మూ వరకు పోయే హిమసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో నడుస్తుంది. సత్యజిత్ రాయ్ ‘నాయక్’ (1966) ఒక సినిమా నటుడిని కలకత్తా నుంచి ఢిల్లీ వెళ్ళే రైలెక్కించి, అతడి కలలనూ భయాలనూ బయటపెడుతుంది. తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసినవి ‘గీతాంజలి’ (1989), ‘మూండ్రాం పిఱై’ (1982) తెలుగు రూపమైన ‘వసంత కోకిల’. రెండింటి ముగింపూ రైల్వే స్టేషన్‌లోనే.

రైలూ సినిమా పుట్టుకతోనే చుట్టాలు. 1896 జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో లూమియేర్ సోదరుల ప్రతినిధి చూపిన బొమ్మల్లో స్టేషన్‌కు రైలు వచ్చే దృశ్యం ఒకటి. దక్షిణాదిన 1905లో ప్రొజెక్టరు కొని ఊరూరా బొమ్మలు చూపిన సామికణ్ణు విన్సెంట్ అంతకుముందు తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగి. వేదాంతులకు ఈ రెండింటిలోనూ పనికివచ్చే పోలికలు దొరకడం సహజమే. పడవలో పోయేవాడికి ఒడ్డున ఉన్న చెట్లు కదులుతున్నట్టు తోచడాన్ని అద్వైత గ్రంథాలు అధ్యాసకు ఉదాహరణగా చూపాయి. అధ్యాస అంటే ఒకదాని ధర్మాన్ని మరొకదాని మీద ఆరోపించడం. ఆ పడవ స్థానంలోకి రైలు వచ్చింది. మదురైలో రైలెక్కి, కొంత దూరం నడిచి 1896 సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరిన రమణ మహర్షి, ‘నేనెవరు?’ అన్న ఉపదేశంలో, బరువంతా రైలే మోస్తుండగా ప్రయాణికుడు తన మూటను నెత్తిన పెట్టుకోవడం దేనికని అడిగారు. మరికొన్ని సందర్భాల్లో ఆయనే తెరను ఉదాహరణగా తీసుకుని, బొమ్మలోని మంట తెరను కాల్చదని, బొమ్మలోని నీళ్ళు తెరను తడపవని చెప్పారు.

అయితే తెర స్వభావాన్ని తెర ముందు కూర్చున్నవాడికి ఊరికే అంటగట్టడం తగదు. ఈ విషయంలో అందరికన్నా సూక్ష్మంగా ఆలోచించినవాడు విద్యారణ్యస్వామి. 14వ శతాబ్దంలో ఆయన రచించిన పంచదశిలో పదో ప్రకరణానికి నాటకదీపమని పేరు. నాటకశాలలో వెలిగే దీపం ఆట పెట్టించిన ప్రభువునూ, సభలో కూర్చున్నవారినీ, ఆడే నర్తకినీ సమంగా వెలిగిస్తుంది. వాళ్ళందరూ లేచిపోయాక ఖాళీ శాలను కూడా అలాగే వెలిగిస్తూ ఉంటుంది. ఇందులో ప్రభువు అహంకారం, అంటే ఆట బాగుంటే పొంగిపోయి, బాగులేకపోతే కుంగిపోయే ‘నేను’ అన్న భావం, సభ్యులు శబ్దం, రూపం మొదలైన విషయాలు, నర్తకి బుద్ధి, తాళం వేసేవారు ఇంద్రియాలు, దీపం ఒక్కటే సాక్షి. టెలివిజన్ చూసే మనిషి తానే దీపమని అనుకోవచ్చు గాని, నిజానికి అతడు కూర్చున్నది ప్రభువు ఆసనంలో. ‘వసంత కోకిల’ చివర కుంటుకుంటూ, కోతిలా గంతులు వేస్తూ తనను గుర్తుకు తేవాలని కథానాయకుడు తపిస్తుండగా, అతడితో గడిపిన రోజులు మరిచిన కథానాయికను ఎక్కించుకుని రైలు కదిలిపోయేటప్పుడు, సోఫాలో ఉన్న ప్రేక్షకుడు ఒళ్ళు కదపకపోయినా మనసుతో ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతూ ఏడుస్తూనే ఉంటాడు. ఒంటి కదలిక ఆగినంత మాత్రాన మనసు కదలిక ఆగదు. ఆ ఏడుపును కూడా తెలుసుకుంటున్నది ఏదో అదే సాక్షి, అది ప్రేక్షకుడితో పాటు ఏడవదు.

ఈ తేడాను పట్టుకోవడానికి కథ ఉన్న సినిమా కన్నా కథ లేని రైలు కార్యక్రమం ఎక్కువగా సాయపడుతుంది. నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కె 2009 నవంబరు 27న, బెర్గెన్ నుంచి ఓస్లో వరకు సాగే రైలు ప్రయాణాన్ని ఏడు గంటలకు పైగా, ఏ కథా లేకుండా చూపింది. దాదాపు 12 లక్షల మంది దానిలో కొంతైనా చూశారు. పట్టాలు, మంచు, స్టేషన్లు, మళ్ళీ పట్టాలు తప్ప ప్రభువును పొంగించేది గాని కుంగించేది గాని అందులో లేదు. రైలు సొరంగాల్లోకి పోయినప్పుడు మాత్రం ఆ సంస్థ పాత చిత్రాలనూ మాటామంతీనీ చొప్పించింది. చీకటిని చూడమంటే ప్రేక్షకులు లేచిపోతారన్న భయం అర్థం చేసుకోదగినదే గాని, తత్త్వదృష్టితో చూస్తే అన్నిటికన్నా విలువైన నిమిషాలు అలా చేజారిపోయాయి. నిద్ర లేచినవాడు ‘ఏమీ తెలియకుండా హాయిగా పడుకున్నాను’ అనగలుగుతున్నాడంటే, ఏమీ తెలియకపోవడాన్ని కూడా ఏదో ఎరిగి ఉండాలని వేదాంతుల వాదన. నల్లబడిన తెర ముందు కూర్చున్నవాడికి అదే వాదన మెలకువలోనే అనుభవానికి వచ్చేది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు కమ్మినప్పటి స్టేషన్ సిబ్బంది కథను ‘ది రైల్వే మెన్’ (2023) ధారావాహిక చెబుతుంది. దాన్ని చూస్తూ ‘నేను సాక్షిని మాత్రమే’ అనుకోవడం జ్ఞానమా, రాతిగుండెతనమా? వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా, 1888లో ఈ తిరుత్తణిలోనే తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. విద్యార్థిగా వేదాంత నీతిశాస్త్రం మీద రాసిన సిద్ధాంత వ్యాసం 1908లో అచ్చయింది. మాయ అంటే లోకం వట్టి భ్రమ అని కాదని, పరతత్త్వం మీద ఆధారపడిన సత్యం లోకానికి ఉందని ఆయన తరవాతి రచనల్లోనూ పట్టుబట్టి వాదించారు. ఆయన పక్షమే సరైనదని ఒప్పుకోక తప్పదు. దీపం నర్తకిని వెలిగిస్తుంది గాని ఆటను ఆపదు. సాక్షి ఉన్నంత మాత్రాన చేయవలసిన మనిషికి పని తప్పదు.

తెర మీద యాత్ర చూస్తే యాత్రాఫలం దక్కుతుందా అన్నది మిగిలిన ప్రశ్న. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి సన్నిధిలోని హృత్తాపనాశిని పుష్కరిణిలో భక్తులు చర్మవ్యాధి పోవాలని బెల్లం కలుపుతారు. తిరుత్తణిలో సంవత్సరపు రోజులకు గుర్తుగా చెప్పే 365 మెట్లు ఎక్కుతారు. తెర కంటికి అందవలసింది అందిస్తుంది గాని, బెల్లపు ముక్క నీళ్ళలో వేయడానికి చెయ్యి కావాలి. శరీరశ్రమే ఫలానికి ప్రమాణమని చెప్పడానికీ వీలులేదు: రైళ్ళకు ముందు, 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీలో వెళ్ళాడు, ఆయన యాత్ర యాత్ర కాదని ఎవరూ అనలేదు. మోసుకుపోయినది బోయీలైనా రైలైనా, మనిషి అక్కడికి చేరాడా లేదా అన్నదే లెక్క. రాలేనివారి కోసం ధర్మశాస్త్రం ఒక దారి ఉంచింది. అత్రిస్మృతి ప్రకారం, ఒకరి పేరిట దర్భలతో బొమ్మ చేసి తీర్థంలో ముంచితే ఆ మనిషికి ఎనిమిదో వంతు ఫలం వస్తుంది. తెర మీద పుష్కరిణిని చూసినవాడి పేరిట ఎవరూ ఏ బొమ్మనూ ముంచలేదు కనుక ఆ ఎనిమిదో వంతు కూడా అతడికి రాదు. సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం కూడా తీర్థాలేనని, వాటిలోనూ భూమి మీది తీర్థాల్లోనూ స్నానం చేయాలని శ్రీనాథుడు తెలుగు చేసిన కాశీఖండం చెబుతుంది. మంచం దిగలేని ముసలివారికి టెలివిజన్ వల్ల దక్కగలిగేది ఆ మానస తీర్థపు ఫలం, అది కూడా రైలు తిరుత్తణి స్టేషన్‌లో ఆగి కొండ కనిపించినప్పుడు వారి మనసులో ఏముందన్న దాన్ని బట్టి.