ఆ ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం



పోయిన ఏడాది ఒక ఆదివారం ఆరాధనలో నేను సాక్ష్యం చెప్పాను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. నా భార్యకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన పదకొండో రోజున ఆపరేషన్ అయిపోయింది. "దేవుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు" అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. మూడో వరుసలో కూర్చున్న అక్క కూడా అంది.

అక్కకూ అదే నెలలో అదే జబ్బు బయటపడింది. ఆ ఆదివారానికి ఐదు వారాలు నిండాయి, ఆపరేషన్ తేదీ ఇంకా రాలేదు. అది నాకు తెలియక కాదు. మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంట్లో జరిగే శుక్రవారం కూడికలో ఆమె పేరు చెప్పి ప్రార్థిస్తున్నది మేమే.

మాకు త్వరగా కావడానికి కారణం చాలా మామూలుది. నా కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉంది, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. అక్క రెస్ట్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేస్తుంది. బీమా లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం మంచిదే, ఉచితమే, కానీ వరుస పొడుగు. బీమా చేసిన పనిని నేను దేవుని ఖాతాలో వేశాను. అలా వేసేసరికి అక్క ఆలస్యం కూడా ఆయన ఖాతాలోకే పోయింది. నన్ను త్వరపెట్టింది ఆయనే అయితే ఆమెను ఆపింది ఎవరు?

న్యూజిలాండ్‌లో ఏటా 3,000 మందికి పైగా స్త్రీలకు ఈ జబ్బు బయటపడుతుంది. చికిత్స చేయాలని నిర్ణయించిన రోజు నుంచి 31 రోజుల్లోగా 90 శాతం మంది క్యాన్సర్ రోగులకు చికిత్స మొదలవ్వాలని 2024లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. "నిర్ణయించిన రోజు నుంచి" అన్న మాట చూడండి. స్కాన్లు అయ్యాక, డాక్టర్లు కూర్చుని మాట్లాడుకున్నాక గానీ ఆ గడియారం కదలదు. అక్క గడియారం మాత్రం బయాప్సీ ఫలితం చెప్పిన రోజే మొదలైంది.

ఆలస్యం అంటే భయపడిపోమని చెప్పడం లేదు. కొన్నిసార్లు ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. జన్యు పరీక్ష కోసమో, రొమ్మును తిరిగి రూపొందించే సర్జన్ కోసమో ఆగుతారు. అది వైద్యంలో భాగం. ఊరికే వరుసలో గడిచే వారాల సంగతి వేరు. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన, క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు వెనక్కి జరిగిన ప్రతిసారీ మరణ ప్రమాదం సుమారు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని తేల్చింది. అంటే నూటికి ఎనిమిది మంది అదనంగా పోతారని కాదు. నూటికి పదిమంది పోయే చోట పదకొండుకు దగ్గరవుతుంది. చిన్న తేడానే. ఆ పదకొండో మనిషి మన సంఘంలో లేనంతవరకు. వైకాటో ప్రాంతంలో జరిగిన అధ్యయనాల్లో ఎక్కువగా ఆగవలసి వచ్చింది మావోరీ స్త్రీలూ, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళూ.

నేను చదివింది కంప్యూటర్లు కాబట్టి ఇంకొక మాట. ఒక సర్వర్‌ను నూటికి నూరు పాళ్ళు పనిలో ఉంచితే దాని ముందు వరుస కొంచెం పెరగడం కాదు, అదుపు తప్పుతుంది. ఆపరేషన్ థియేటర్ కూడా అంతే. అక్కడ ఎవరూ బద్ధకంగా కూర్చోలేదు, ఖాళీ లేదు, అంతే. "నువ్వు ప్రైవేటుకు వెళ్తే ప్రభుత్వ వరుసలో ఒకరు తగ్గారు కదా" అన్నాడు ఒక స్నేహితుడు. అది సగమే నిజం. ఇక్కడ చాలామంది సర్జన్లు రెండు చోట్లా పనిచేస్తారు. నా భార్య కోసం కొన్న గంట గాలిలోంచి పుట్టలేదు.

అయితే బీమా వదులుకుని ఉండాల్సిందా? లేదు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. దానికి సిగ్గుపడను. సిగ్గు వేసేది సాక్ష్యం గురించి.

మార్కు సువార్తలో యాయీరు కథ మనందరికీ తెలుసు. సమాజమందిరపు అధికారి, కూతురు చావు బతుకుల్లో ఉంది, యేసు బయలుదేరాడు. దారిలో పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ ఆయన వస్త్రాన్ని ముట్టుకుంటే ఆయన ఆగిపోయాడు. ఉన్నదంతా వైద్యులకే ఖర్చుపెట్టుకున్న మనిషి, పేరు కూడా రాయలేదు. ఏ ఆసుపత్రి లెక్కలోనైనా ఆ పిల్లదే ముందు. పెద్దమనిషిని నిలబెట్టి, వెనక వరుసలో ఉన్నామె మొత్తం కథ చెప్పుకునేదాకా ఆయన విన్నాడు. మన ప్రసంగాల్లో ఇద్దరూ బాగుపడ్డారని ముగించేస్తాం. ఆ మధ్యలో యాయీరు ఆ స్త్రీ వైపు ఎలా చూసి ఉంటాడా అని నేను ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నేనైతే ఆమె వైపు చూడకుండానే ఇంటికి వచ్చేశాను.

అక్కతో మేమందరం అన్నది ఒకటే మాట: "దేవుని సమయం కోసం కనిపెట్టండి." ఎవరం ఆసుపత్రికి ఫోన్ చేయలేదు. ఇక్కడ క్యాన్సర్ రోగుల పక్షాన తేదీల సంగతి చూడటానికే నర్స్ కోఆర్డినేటర్లు ఉంటారు. ఎవరి ఆపరేషన్ అయినా రద్దయితే ఆ చోటుకు పిలవమని అడగవచ్చు. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే మనిషి ఆ ఫోన్లు ఎప్పుడు చేస్తుంది?

సాక్ష్యం చెప్పిన పది రోజులకు వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాను. టీ పెట్టి ఇచ్చింది.

"నీ మాట విన్న రాత్రి దేవుణ్ణి ఒకటే అడిగాను తమ్ముడూ. నా ఫైలు ఆయన దగ్గర ఎన్నో నంబరని" అంది.

నా దగ్గర జవాబు లేదు. నర్స్ కోఆర్డినేటర్ నంబరు ఉందా అని అడిగాను. ఫ్రిజ్ మీద అతికించిన ఉత్తరంలో ఉంది. మరుసటి రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, ఆమె పక్కనే కూర్చుని, స్పీకర్‌లో పెట్టి ఇద్దరం ఫోన్ చేశాం. ఆమె ఆపరేషన్ యాభై రెండో రోజున జరిగింది.