ఎక్కడికో తెలియని ప్రయాణము

ధ్యాన భాగములు: యాకోబు 4:13–15, లూకా 10:30–37

ముందుగా ఏమియు నిర్ణయించుకొనకుండ ప్రయాణమునకు బయలుదేరుట విశ్వాసమా, నిర్లక్ష్యమా? చూచుటకు ఈ ప్రశ్న చిన్నదే. అయితే కాలము ఎవరిది అను పెద్ద ప్రశ్న దానిలో దాగియున్నది.

ఒక రెండవ శనివారమున నలుగురు స్నేహితులు హైదరాబాదు నుండి కారులో బయలుదేరిరని అనుకొనవచ్చును. ఎక్కడికని ఎవరును నిర్ణయించలేదు. వారమంతయు గడియారమునకు దాసులైనవారు గనుక, ఆ ఒక్క దినము దారి ఎటు తీసికొనిపోయిన అటు పోవలెనని వారి కోరిక. నర్సాపూరు అడవి దాటి, దారిప్రక్క హోటలులో టీ త్రాగి, మధ్యాహ్నమునకు మెదకు చేరిరి.

ఇందులో తప్పు వెదకనక్కరలేదు. అలసిన శిష్యులను ఏకాంత స్థలమునకు వచ్చి విశ్రమింపుమని ప్రభువే పిలిచిన సంగతి మార్కు 6వ అధ్యాయములో కలదు. విశ్రాంతియు దేవుని దానమే.

అయితే యాకోబు పత్రిక హెచ్చరిక మాటేమి? ఫలాని పట్టణమునకు పోయి, ఏడాది వ్యాపారము చేసి, లాభము గడింతుమని చెప్పువారిని ఆ పత్రిక గద్దించుచున్నది. ప్రణాళిక వేయుటయే దోషమైనచో పౌలును దోషి యగును. రోమా మీదుగా స్పెయినుకు పోవలెనన్న తన ఉద్దేశమును అతడు రోమా పత్రిక 15వ అధ్యాయములో వ్రాసికొనెను. వారి దోషము రేపటి దినమును తమ సొంత ఆస్తిగా ఎంచుటలో నున్నది. అట్లయిన, ప్రణాళిక లేకుండ బయలుదేరినవాడును అదే దోషములో పడవచ్చును. ఒకడు రేపు నాది అనును. మరియొకడు ఈ దినము నాది అనును.

అబ్రాహాము ఎక్కడికి పోవుచున్నాడో ఎరుగక బయలుదేరెను. తప్పిపోయిన కుమారుడును తండ్రి ఇల్లు విడిచి దూరదేశమునకు పోయెను. ఇరువురును ఇల్లు విడిచినవారే. ఒకడు పిలుపు విని బయలుదేరెను. మరియొకడు తన ఇష్టమును వెంబడించెను. గమ్యము తెలియకపోవుట మాత్రమే ఎవనిని విశ్వాసిగా చేయదు.

మెదకులో ఆ స్నేహితులు పెద్ద గుడిని చూచిరి. 1914లో పని ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన గుడి అది. దాని గోపురము మిక్కిలి ఎత్తైనది. కరవుతో అలమటించుచున్న ప్రజలకు, చేసిన పనికి ప్రతిఫలముగా అన్నము దొరకవలెనని వెస్లియన్ మిషనెరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ నిర్మాణమును నడిపించెను. ఆకలిగొన్నవారి చేతులు ఎత్తిన రాళ్లవి. స్నేహితులు తలలెత్తి గోపురమును చూచి, ఫోటోలు తీసికొని, అరగంటలో కదిలిరి.

రామాయంపేట వైపు పోవుచుండగా, ఒక చిన్న ఊరి అడ్డరోడ్డు వద్ద ఒక వృద్ధురాలు చేయి చాచి కారును ఆపెను. చేతిలో అన్నము క్యారియరు, చంకలో బట్టల సంచి. కామారెడ్డి ఆసుపత్రిలో కూతురు ప్రసవించినది. రావలసిన బస్సు రాలేదు. వెనుక సీటులో ఒకరికి చోటున్నది. అయినను లోపలనుండి ఒకడు మెల్లగా, "మనకు ఆలస్యమగును" అనెను.

దేనికి ఆలస్యము? ఎక్కడికని నిర్ణయించుకొననివారికి, ఏ గడియకు చేరవలెనను నియమము లేనివారికి ఆలస్యమెట్లు కలుగును? గడియారమును ఇంటివద్ద విడిచి వచ్చితిమనుకొనిరి గాని, కాలము తమదే అను తలంపును మాత్రము వెంట తెచ్చుకొనిరి. పట్టణవాసికి పల్లెదారి కన్నులకు పండుగ. అచ్చటివారికి అది బస్సు రాని దారి.

యెరికో దారిలో యాజకుడును లేవీయుడును ఏ పనిమీద పోవుచుండిరో ఉపమానము చెప్పలేదు. సమరయుడును ప్రయాణములోనే యుండెను. అతనికిని పనియున్నది, తిరిగి వచ్చెదనని పూటకూళ్లవానితో చెప్పెను గదా. అయినను గాయపడినవానిని చూచి ఆగెను. ప్రణాళిక యున్నదా లేదా అనుటకంటె, పొరుగువాని కొరకు అది ఆగగలదా అనునదే పరీక్ష.

కారు తలుపు తెరచినవాడు క్యారియరును తన ఒడిలో పెట్టుకొనెను. ఆలస్యమన్నవాడు ఒదిగి చోటిచ్చెను. ఆమె కూర్చుండి, "ఏడికి పోతున్నరు బిడ్డా?" అని అడిగెను. ఉదయమునుండి ఆ ప్రశ్నకు వారియొద్ద జవాబు లేదు. నలుగురును ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. అప్పుడు ఆలస్యమన్నవాడే, "కామారెడ్డికే అమ్మా" అనెను.

అది గొప్ప త్యాగమేమియు కాదు. కొంత ఇరుకు, కొన్ని మైళ్లు మాత్రమే. అయినను ఆ దినమున వారికి మొదటిసారి ఒక గమ్యము దొరికెను. దానిని వారు ఎన్నుకొనలేదు. అది వారికి ఇయ్యబడెను.

ప్రభువు చిత్తమైతే అను మాట అనేకుల ఉత్తరముల చివర కనబడును. ఆ మాట వ్రాయుట సులభము. దారిలో చేయి చాచినవారి యొద్ద బండి ఆపుట ఆ మాటకు చేవ్రాలు. సెలవు దినమున బయలుదేరు విశ్వాసి మార్గమును నిర్ణయించుకొనినను, నిర్ణయించుకొనకపోయినను, బండిలో ఒక చోటును, దినములో ఒక గడియను ప్రభువు కొరకు ఖాళీగా ఉంచునుగాక.