తల నెరసిన తరువాత దువ్వెన యెందుకు?



గత వేసవిలో ఒక సాయంకాలము, కూటము ముగిసి అందరు వెళ్లిన పిమ్మట, మా సంఘములోని ఒక కోడలు వెనుక నిలిచి నన్నిట్లు అడిగెను: "అయ్యగారూ, మా అత్తకు మీరొక మాట చెప్పాలి. డెబ్బయ్యెనిమిదేళ్లు వచ్చాయి. ఆదివారం వచ్చిందంటే అద్దం వదలదు. తలకు కొబ్బరినూనె, ముఖానికి పౌడరు. శనివారం రాత్రే చీర మడిచి పరుపు కింద పెట్టుకుంటుంది. వీధిలో నవ్వుతున్నారు. కాటికి కాళ్లు చాచుకున్న వయసులో ఈ సింగారం పాపం కాదా?"

పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయము నా నాలుక చివరనే యున్నది. వెలుపలి అలంకారముకంటె లోపలి సాధువైన మనస్సే దేవునికి విలువైనదని అపొస్తలుడు అక్కడ బోధించెను గదా! అయినను నేను నోరు మెదపలేదు. మునుపొకసారి ఇట్టి విషయములోనే తొందరపడి మాటలాడితిని. ఆ సిగ్గు ఇంకను నన్ను విడువలేదు.

అది కొన్ని సంవత్సరముల క్రిందటి సంగతి. మా సంఘములో ఒక వృద్ధుడు మాసిన పంచెతో, పెరిగిన గడ్డముతో ఆరాధనకు వచ్చుచుండెను. మునుపు ఆయన అట్టివాడు కాడు. ఒక ఆదివారము నేను ప్రసంగములో, రాజు ఎదుటికి పోవువాడు బట్టలు మార్చుకొని పోవును, దేవుని మందిరమునకు వచ్చువారు చూచుకొనవద్దా అని అంటిని. చెరసాలనుండి ఫరో యొద్దకు పోవుటకు ముందు యోసేపు క్షౌరము చేయించుకొనెనని కూడ చెప్పితిని. పేరు చెప్పలేదు గాని తలలన్నియు ఆయన వైపే తిరిగెను. మరుసటి ఆదివారము ఆయన రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు.

మూడవ వారము నేనే ఆయన ఇంటికి పోతిని. నులక మంచముపై కూర్చుండియుండెను. కోపగించుకొనలేదు. "అయ్యగారూ, ఆమె ఉన్నంతకాలం నీళ్లు తోడి పెట్టేది. నేను గడ్డం గీసుకొని వస్తే, చెవి కింద ఇంకా ఉంది చూడు అనేది. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. ఉంది అని చెప్పేవాళ్లు లేరు. ఎవరికోసం గీసుకోను?" అనెను. ఆయన భార్య చనిపోయి అప్పటికి నాలుగు నెలలు. సమాధి కార్యక్రమము జరిపించినవాడను నేనే.

ఆ రాత్రి సమూయేలు రెండవ గ్రంథము పందొమ్మిదవ అధ్యాయము తెరచితిని. సెమినరీలో ఈ అధ్యాయముపై పరీక్ష వ్రాసియున్నాను. మెఫీబోషెతు చెప్పినది నిజమా, సీబా చెప్పినది నిజమా అని రెండు పుటలు వ్రాసితిని. ఆ గడ్డమును మాత్రము నేను ఎన్నడును చూడలేదు. మెఫీబోషెతు యోనాతాను కుమారుడు, రెండు కాళ్లును కుంటివాడు. దావీదు యెరూషలేము విడిచిన నాటినుండి క్షేమముగా తిరిగివచ్చువరకు ఆయన కాళ్లను గాని గడ్డమును గాని బట్టలను గాని పట్టించుకొనలేదని అక్కడ వ్రాయబడియున్నది. ఆ మనుష్యుని దుఃఖము ఆయన గడ్డములో నున్నది. మన ఇండ్లలో ముసలివారు మాసిపోయి కూర్చున్నప్పుడు మనము సోమరితనమని, చాదస్తమని అనుచున్నాము. ఎవరిని తలంచుకొని అట్లున్నారో అడుగుచున్నామా?

అదే అధ్యాయములో బర్జిల్లయి అను మరియొక వృద్ధుడు కలడు. ఎనుబదియేండ్లవాడు. తిండి రుచి తెలియదు, పాట వినబడదు, రాజుగారి భోజనపు బల్ల నాకు వద్దు అని తప్పుకొనెను. అయినను రాజును సాగనంపుటకు యొర్దానువరకు నడచి వచ్చెను. భోగమును విడుచుట వేరు, మనుష్యుల మధ్యనుండి వెళ్లిపోవుట వేరు. తల దువ్వుకొనుట ఈ రెండింటిలో ఏ భోగమునకు చెందినది? నా మట్టుకు అది, నేను ఇంకను మీ మధ్యనున్నాను అని చెప్పుటయే. ఉపవాసమున్నవాడు సహితము ముఖము కడుగుకొని తలకు నూనె రాచుకొనవలెనని ప్రభువు బోధించెను. భక్తిని మాసిన ముఖముతో చూపించుకొనుట ఆయనకు నచ్చలేదు.

శుభ్రతకును భక్తికిని చుట్టరికము కలదను నానుడి బైబిలు వాక్యమని మనలో అనేకులు తలంచుచున్నారు. అది బైబిలులో లేదు. 18వ శతాబ్దమున జాన్ వెస్లీ వస్త్రధారణను గూర్చిన తన ప్రసంగములో దానిని వాడెను.

జుట్టునకు రంగు వేసుకొనవచ్చునా అని కూడ కొందరు అడుగుచుందురు. నేను దానిని పాపమనను. ఆ రంగులలోని మందు కొందరి చర్మమునకు పడదు గనుక ముందుగా చెవి వెనుక కొంచెము రాచి రెండు దినములు చూడవలెను. నెరసిన తల కిరీటమని సామెతల గ్రంథము చెప్పుచున్నది గనుక కిరీటమునకు నలుపు పూయుట నాకు రుచించదు. ఇది నా అభిరుచి. సంఘపు ఆజ్ఞ కాదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై మన దేశములో 2007లో ఒక చట్టము వచ్చినది. ఆహారము, వస్త్రము, నివాసము, వైద్యము పోషణలో చేరునని అందులో నున్నది. మంచిదే. ఈ నాలుగును లోపము లేకుండ జరుగు ఇండ్లలోనే పెరిగిన గోళ్లతో కూర్చున్న ముసలివారిని నేను చూచితిని. వయస్సుతో గోళ్లు దళసరి యగును. గోరువెచ్చని నీళ్లలో పాదములు నానబెట్టిన తరువాత తీయవలెను. షుగరు వ్యాధి గలవారికి పాదములు మొద్దుబారి గాయమైనను తెలియదు గనుక వ్రేళ్ల సందులు ప్రతిదినము ఎవరైనను చూడవలెను. ముసలి చర్మము ఎండిపోవును. దినమును ఒళ్లంతయు సబ్బు రుద్దక్కరలేదు. కట్టుడు పండ్లు రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచవలెను. వాసన తెలియు శక్తియు వయస్సుతో తగ్గును గనుక తమ బట్టల వాసన వారికి తెలియదు. ఆ మాట నలుగురిలో అనవద్దు. ఎప్పుడును శుభ్రముగా నుండువారు ఉన్నట్టుండి మానివేసిన యెడల వైద్యునికి చూపుడి. దిగులు గాని, చూపు మందగించుట గాని, మతిమరపు వ్యాధి గాని కారణమై యుండవచ్చును.

ఆ వృద్ధునికి మరునాడు నేనే నీళ్లు కాచి గడ్డము గీసితిని. నా చేయి ఆయన చేతికంటె ఎక్కువ వణికెను. ఇప్పుడు యౌవనుల కూటములోని ఒక కుర్రవాడు నెలకు రెండుసార్లు బస్టాండు దగ్గరి సెలూనుకు ఆయనను తీసికొనిపోవుచున్నాడు.

కాబట్టి ఆ కోడలిని నేను ఒక ప్రశ్నయే అడిగితిని. "అమ్మా, మిగిలిన ఆరు దినములు మీ అత్త ఎవరితో మాటలాడును?" ఆమె కొంతసేపు ఊరకుండి, "ఎవరితోనూ లేదండి. మేము తెల్లవారితే పొలానికి పోతాము" అనెను.

ఈ చలికాలములో ఆ అత్తకు భుజము పట్టివేసి చేయి తలవరకు లేవకుండెను. ముసలితనములో వేరొకడు నీ నడుము కట్టునని ప్రభువు పేతురుతో చెప్పెను; ఒకప్పుడు పాదములు కడిగించుకొనుటకే ఒప్పుకొనని పేతురుకు అది ఎంత కష్టమో! మన పెద్దలకును అట్లే. మొదటి రెండు ఆదివారములు ఆమె తల దువ్వుకొనక ఇంటనే యుండిపోయెను. మూడవ ఆదివారము కోడలే దువ్వెన పట్టుకొని వెనుక కూర్చుండెను. మొన్న ఆరాధన తరువాత కోడలు నాతో మొరపెట్టుకొనెను: "అయ్యగారూ, పాపిడి వంకర పోయిందని దారి పొడుగునా సణుగుతూనే ఉంది."