కమీషను కాయకమగునా?

తాను చేసిన వస్తువును తానే పొగడుకొనుట కంటె, వాడి చూచినవాడు పొగడుట మేలు. ఇది లోకమెరిగిన సంగతియే. అయితే ఆ పొగడువానికి అమ్మకముపై నూటికి ఇంత అని సొమ్ము ముట్టినచో ఆ పొగడ్త యేమగును? అది మెప్పుగా నిలుచునా, కూలిమాటగా మారునా? ఈ ప్రశ్న నేడు పెద్ద వర్తకులకు మాత్రమే పరిమితమైనది కాదు. పెడనలో అద్దకము వేయించువాడును, బందరులో లడ్డూ చేయువాడును, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయువాడును, గుడివాడలో ఇంట పచ్చళ్లు పెట్టి అమ్ముకొను గృహిణియు ఎదుర్కొనదగిన ప్రశ్న. సెల్‌ఫోనులో ఒక గుర్తుసంఖ్య పంపి, ఆ సంఖ్య చెప్పి కొన్నవారి వలన నీకు నూటికి పది రూపాయలని బంధుమిత్రులతో ఒప్పుకొనుట ఇప్పుడు మిక్కిలి సులువు. సులువైన పనికి ధర్మమేదో ముందే విచారించుకొనుట మంచిది.

కమీషను మన తీరమునకు క్రొత్తది కాదు. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నమునకు వర్తకమునకై వచ్చినపుడు వారికి మన భాష రాదు. మన నేతవారికి, అద్దకమువారికి వారి భాష రాదు. నడుమ నిలిచినవాడు దుబాసి. మాట కలిపినందుకు, బేరము కుదిర్చినందుకు అతడు దస్తూరి పుచ్చుకొనెడివాడు. నడుమ నిలుచుట పాపము కాదు. కాళ్లరుగ తిరిగి, సరుకు చూపి, సందేహములు తీర్చి, కొనువానిని చేయువాని యొద్దకు చేర్చుట శ్రమయే. శ్రమకు కూలి న్యాయము. బసవేశ్వరుడు బోధించిన కాయకములో చేతిపనితోపాటు మాటపనికిని చోటున్నది. అయితే దుబాసికి కూలి దక్కినది మాటను చేరవేసినందుకే గాని మార్చినందుకు కాదు. మాట మార్చిన దుబాసి ఇరుపక్షములకును ద్రోహియే. కమీషను విషయమున తెలిసికొనవలసిన భేదమంతయు ఇందే యున్నది.

నులియ చందయ్య కథను మనవారు చెప్పుకొందురు. గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మగా వచ్చినదానితో జంగమదాసోహము చేయుట ఆ శరణుని కాయకము. ఒకప్పుడు సాక్షాత్తు లింగయ్యయే ఆయనకు పనివాడై, త్రాటిని అమ్మి తెచ్చెనట. కొన్నవాడు బసవన్న. ఇచ్చిన వెల వేయి బంగారు నాణెములు. చందయ్య సంతసింపలేదు. త్రాటికి తగిన వెలయే తనకు కావలెనని, అధికమును స్వీకరింపనొల్లలేదు. అమ్మినవాడు దేవుడు, కొన్నవాడు భక్తుడు, నడుమ అబద్ధమేదియు లేదు. అయినను తన సరుకు పేర వచ్చిన సొమ్ము న్యాయమైనదా కాదా అని విచారించినవాడు దానిని చేసినవాడే. ఎట్లు అమ్మితివో నాకు చెప్పవలదు, ఎంత తెచ్చితివో చెప్పుము అను నేటి యజమానికిని చందయ్యకును ఎంత దూరము!

లౌకిక చట్టమును ఈ భారమును యజమానిపైననే మోపినది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములోని 238వ సెక్షను ప్రకారము, ఏజెంటు తన పనిలో భాగముగా చేసిన తప్పుడు ప్రకటనము, మోసము యజమాని స్వయముగా చేసినట్లే ఆ ఒప్పందమునకు తగులును. “నేను అట్లు చెప్పుమనలేదు” అనుట చాలదు. కమీషను ఇచ్చినవాడు ఆ మాటను తన మాటగా స్వీకరించినట్లే.

మన యెదుటనున్న ఉదాహరణము చూతము. పెడన కలంకారీలో గుడ్డను కరక్కాయ నీటిలో తడిపి, చెక్క అచ్చులతో అద్ది, ఇనుమును బెల్లపు నీటిలో నానవైచి తీసిన నలుపును వాడి, పటిక అద్దినచోట వేళ్ల రంగుతో ఎరుపు పట్టునట్లు ఉడికించి, నీట జాడించి ఆరవేయుదురు. ఎండను, నీటిని బట్టి రోజులు పట్టును. అదే పూవును, అదే హంసను స్క్రీన్ ప్రింటుగా రసాయనపు రంగులతో త్వరగా వేయవచ్చును. రెండును చీరలే, రెంటిని అమ్ముటయు తప్పు కాదు. కాని చేతి అద్దకముపై నూటికి ఐదు, స్క్రీన్ ప్రింటుపై నూటికి ఇరువది కమీషను దొరికినచో, నడిమివాడు దేనిని “అసలైన కలంకారీ” అనును? అతడు స్వభావముచేత అబద్ధీకుడు కాకపోవచ్చును. ఆ రేటు అతనిని రోజునకు పదిసార్లు అటువైపు లాగుచుండును. నష్టపోవువారు కొన్న యిల్లాలు ఒకరు, చెక్క అచ్చు పట్టిన పనివాడు మరియొకడు. నిజము చెప్పినవాడు నష్టపడునట్లు రేటు కట్టిన యజమాని, ఆ అబద్ధమును తన నోట పలుకకున్నను చేత వ్రాసినవాడగును.

చీర విషయమున పోవునది రెండు వేలు. పొదుపు విషయమున అట్లు కాదు. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ పల్లెపల్లెను ఏజెంట్లను పెట్టి డిపాజిట్లు సేకరించినది. 2014–15 ప్రాంతమున చెల్లింపులు నిలిచినపుడు చిక్కుకొన్నవారు పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షల మంది. 2019లోను 2021లోను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చిన్న డిపాజిటుదారులకు కొంత సొమ్ము చెల్లించినది. అచ్చట జనులు నమ్మినది సంస్థ లెక్కలను కాదు. పక్కింటి అన్నయ్యను, మేనత్త కొడుకును, ఎరిగిన మాస్టరుగారిని. ఆ ఏజెంట్లలో అనేకులు తామును నమ్మి, తమ సొమ్మును పెట్టినవారే. సంస్థ తలుపులు మూసికొన్నది. ఏజెంటు తలుపు మాత్రము ఊరిలోనే యున్నది. తిట్టు తిన్నవాడు, బంధుత్వము కోల్పోయినవాడు అతడే. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వంటి దివిసీమ యూళ్లలో ఒకరినొకరు ఎరుగనివారు అరుదు. అట్టిచోట ఒకని మాట తరతరముల పొదుపు. దానిని నూటికి పదికి వాడుకొనదలచిన యజమాని ఎంత వెలగల వస్తువును అద్దెకు తీసికొనుచున్నాడో గుర్తింపవలెను.

అట్లయిన ధర్మబద్ధమైన కమీషను ఎట్లుండవలెను?

మొదటిది, బహిరంగత. “ఇది మీరు కొనినచో నాకు కొంత వచ్చును” అని నడిమివాడు కొనువానికి ముందే చెప్పవలెను. అట్లు చెప్పనివానికి కమీషను లేదని యజమాని నియమము పెట్టవలెను. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన ప్రకటనల మార్గదర్శకములును, వస్తువును సిఫారసు చేయువానికి వర్తకునితోగల సంబంధమును దాచరాదని చెప్పినవి.

రెండవది, వెల. రెండు వేల చీరకు రెండు వందలు కమీషను అనుకొందము. అది యజమాని లాభమునుండి, ప్రకటనలకు తాను పెట్టదగిన వ్యయమునుండి రావలెను. నేరుగా వచ్చినవానికి రెండు వేలు, నడిమివాని ద్వారా వచ్చినవానికి రెండు వేల రెండు వందలు అనినచో, స్నేహితుని నమ్మినందుకు కొనువాడు జరిమానా కట్టినట్లగును.

మూడవది, సరుకు నిలిచిన పిమ్మటనే కూలి. చీర నచ్చక తిరిగి వచ్చినచో కమీషను ఉండరాదు. తిరిగి యిచ్చు గడువు ముగిసిన వెనుక చెల్లించినచో, నడిమివాడు తొందరపెట్టి అమ్మడు, తగినవానికే చూపును. వాడి చూడని వస్తువును పొగడనీయక, ముందు వాని చేతికి నమూనా నిచ్చి, లోపములును చెప్పుమని కోరవలెను. రంగు మొదటి ఉతుకులో కొంత దిగునని ముందే చెప్పిన అమ్మకము కలహము లేని అమ్మకము.

నాల్గవది, నడిమివానికి న్యాయము. రేటు, చెల్లింపు తేది కాగితముపై ఉండవలెను. అతడు తెచ్చిన ఖాతాదారు రెండవసారి నేరుగా వచ్చినచో వాటా ఉండునో లేదో మొదటనే తేల్చవలెను. మాట వాడుకొని మనిషిని దాటిపోవుటయు దొంగతనమే.

ఐదవది, మనుష్యులను చేర్చినందుకు కాదు, సరుకు అమ్మినందుకే కమీషను. చేరుటకు రుసుము పుచ్చుకొని, ఆ సొమ్మునుండి పైవారికి పంచు గొలుసు పథకములను 1978 చట్టమును, 2021 నాటి ప్రత్యక్ష విక్రయ నియమములును నిషేధించినవి. వస్తువు సాకుగా మిగిలి మనిషియే సరుకైనచోట కాయకమునకు తావు లేదు.

“కమీషను సంగతి చెప్పినచో ఎవరు నమ్ముదురు?” అని కొందరడుగుదురు. జీవిత బీమా సంస్థ ఏజెంటు ఇంటికి వచ్చినపుడు అతనికి కమీషను ముట్టునని మనకందరకు తెలియును. అయినను కూర్చుండబెట్టి వినుచున్నాము. తెలిసి వినునపుడు మాటను తూచుకొందుము. తెలియక వినునపుడు మనిషిని చూచి తలయూపుదుము. ఆ తలయూపును దొంగిలించుటయే దోషము.

మరియొక సమాధానము మన మఠములలోనే వినబడగలదు: “ఆ కమీషను దాసోహమునకే గదా!” అని. ఇచ్చట మరింత జాగ్రత్త వలెను. జాతరలో ఒక దుకాణదారు మఠమునకు నూటికి ఇంత అని ఒప్పుకొనినచో ఆ సంగతిని పలకపై వ్రాసి దుకాణము ముందుంచవలెను. స్వామివారి సన్నిధిలో అమ్మిన వస్తువును భక్తుడు పరీక్షింపడు. ఆ నమ్మకము లింగముపై గలది. అంగటిపై గలది కాదు. దాసోహము దాచిన సొమ్మును శుద్ధిచేయు యంత్రము కాదు. చందయ్య వలదన్నదియు దాసోహమునకై వచ్చిన సొమ్మే.

కావున తన సరుకునకు నడిమివానిని పెట్టుకొనదలచినవాడు మొదట ఒక్క ప్రశ్న వేసికొనవలెను. ఈ నడిమివాడు నా సరుకును గూర్చి నా యింటి ఆడపడుచుతో ఏమి చెప్పవలెనని కోరుదును? పైవారితోను ఆ మాటయే చెప్పి, కడుపు నిండునంత కూలి అతడు సంపాదింపగలిగినచో ఆ ఏర్పాటు కాయకము. లేనిచో రేటు మార్చవలెను, లేదా సరుకు మార్చవలెను. నడిమివాని మనస్సాక్షిని మార్చబూనరాదు. శరణు శరణార్థి.